రాజమండ్రి చూసొచ్చాం, చదివొచ్చాం



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. వాచకాలు పూర్తి చేశారు. పేరు రాస్తున్నారు, కూడికలు వేస్తున్నారు. ఇక చదువు పుస్తకంలోనే ఉండిపోకూడదు. రోడ్డు మీదికి రావాలి. బజారులోకి రావాలి.

అందుకని మా కేంద్రంలోని ఆడవాళ్ళం ఒక శనివారం రాజమండ్రి వెళ్ళాం. పదకొండు మంది అక్కలు, పన్నెండోదాన్ని నేను. మాది గోదారికి ఇవతల, కొవ్వూరు వైపు పల్లె. రాజమండ్రి మాకు కొత్త ఊరు కాదు. ఆసుపత్రికి వెళ్ళాం. పెళ్ళి బట్టలకు వెళ్ళాం. కానీ ఎప్పుడూ ఎవరో ఒకరి వెనక నడిచాం. ఈసారి ముందు నడిచాం.

బయలుదేరే ముందు ఒక షరతు పెట్టుకున్నాం. ఏ సంగతీ ముందుగా ఎవరినీ అడగకూడదు. బోర్డు చదవాలి. చదవలేకపోతేనే అడగాలి.

ప్రతి ఒక్కరూ ఒక కాగితం తెచ్చుకున్నారు. దాని మీద మూడు సంగతులు రాసుకున్నారు. ఇంటి ఫోను నంబరు. తెచ్చుకున్న డబ్బు. కొనాల్సిన సరుకులు. కాగితం కొంగున కట్టుకున్నారు. మీరు కూడా ఏ ఊరు వెళ్ళినా ఇలా చెయ్యండి.

వంతెన మీద

కొవ్వూరు స్టేషనులో పసుపు పచ్చ బోర్డు ఉంది. మా పెద్దమ్మ దాని ముందు నిలబడింది. ఆమెకు అరవై దాటాయి. "కొ... వ్వూ... రు. వ కింద వ వత్తు ఉందండి" అంది. రైలు వచ్చినా బోర్డు దగ్గర్నుంచి కదల్లేదు. చెయ్యి పట్టుకుని ఎక్కించాం.

రైలు గోదారి మీదికి వచ్చింది. అందరం చెరో రూపాయి బిళ్ళ నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకున్నాం. కిటికీలోంచి పాత వంతెన కనిపించింది. దాని కథ చెప్పాను.

ఒకప్పుడు ఇక్కడ వంతెన లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పడవే గతి. 1897లో మొదటి వంతెన పని మొదలైంది. 1900లో రైలు నడిచింది. దాన్ని హేవలాక్ వంతెన అంటారు. దాదాపు వందేళ్ళు పని చేసింది. 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారు.

1974లో రెండో వంతెన వచ్చింది. దీనికి రెండు అంతస్తులు. కింద రైలు, పైన రోడ్డు. మూడోది విల్లుల్లాంటి కమానుల వంతెన. దాన్ని 1997లో కట్టారు. నాలుగోది రోడ్డు వంతెన. అది 2015లో వచ్చింది.

"అయితే నేను పుట్టేనాటికి రెండే ఉన్నాయన్నమాట" అంది ఒక చెల్లి. ఏడాది చూసి తన వయసుతో లెక్క కట్టింది. సరిగ్గానే కట్టింది.

రేవు దగ్గర

వంతెన దాటగానే చిన్న స్టేషను. బోర్డు మీద 'గోదావరి' అని ఉంది. "ఏటి పేరు స్టేషనుకు పెట్టారే!" అని పెద్దమ్మ మురిసిపోయింది. అక్కడ దిగితే పుష్కర ఘాటు దగ్గర. నడిచి వెళ్ళాం.

గోదావరి మహారాష్ట్రలో పుట్టింది. నాసిక్ జిల్లాలో త్రయంబకం అనే చోట దాని పుట్టుక. అక్కణ్ణుంచి తెలంగాణ మీదుగా మన దగ్గరికి వస్తుంది. మొత్తం 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసి సముద్రంలో కలుస్తుంది.

పన్నెండేళ్ళకు ఒకసారి గోదావరికి పుష్కరాలు వస్తాయి. 2003లో వచ్చాయి. 2015లో వచ్చాయి. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు, ఈ ఘాటులోనే తొక్కిసలాట జరిగింది. 27 మందికి పైగా చనిపోయారు. వారిలో ఆడవాళ్ళు ఎక్కువ. ఆ సంగతి చెబుతుంటే అందరూ మెట్ల మీద కూర్చుండిపోయారు.

అప్పుడు మేం ఒక మాట అనుకున్నాం. ఏ తీర్థానికి వెళ్ళినా ముందు రెండు బోర్డులు వెతకాలి. ఒకటి 'లోపలికి దారి'. రెండోది 'బయటికి దారి'. జనం ఎక్కువగా ఉంటే ఆ గంటకు ఆగాలి. గోదారమ్మ ఎక్కడికీ పోదు.

ఈ ఊరికి ఇంత పేరు ఎందుకు?

ఇది చాలా పాత ఊరు. దీని నిండు పేరు రాజమహేంద్రవరం. జనం నోట అది రాజమండ్రి అయింది. 2015లో ప్రభుత్వం మళ్ళీ పాత పేరే పెట్టింది. అందుకే ఒక బోర్డు మీద ఒక పేరు, ఇంకో బోర్డు మీద ఇంకో పేరు ఉంటాయి. రెండూ ఒకే ఊరు. తికమక పడకండి.

సుమారు వెయ్యేళ్ళ కిందట రాజరాజ నరేంద్రుడు ఇక్కడినుంచి రాజ్యం చేశాడు. ఆయన కొలువులో నన్నయ అనే కవి ఉండేవాడు. నన్నయ మహాభారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టాడు.

సరే, రాజు ఉన్నాడు, కవి ఉన్నాడు. మరి బజారు ఎందుకు పెరిగింది? ఏటి వల్ల పెరిగింది.

పూర్వం మంచి రోడ్లు లేవు. సరుకు నీటి మీదే వచ్చేది. ఎగువ అడవుల నుంచి టేకు దుంగలను, వెదుళ్ళను తెప్పలుగా కట్టి ఏటిలో వదిలేవారు. అవి ఇక్కడికి తేలి వచ్చేవి. దిగువ డెల్టా నుంచి ధాన్యం, కొబ్బరి పడవల్లో వచ్చేవి. కొండ సరుకు, కోనసీమ సరుకు ఇక్కడ కలుసుకునేవి. రెండు దారులు కలిసిన చోట బజారు పుడుతుంది. ఆ తర్వాత రైలు వచ్చింది. బజారు ఇంకా పెరిగింది.

ఏటి లెక్క

పడవలు ఏ దారిన వెళ్ళేవో చూడాలంటే ధవళేశ్వరం వెళ్ళాలి. ఘాటు దగ్గర రెండు పెద్ద ఆటోలు మాట్లాడుకుని వెళ్ళాం.

1833లో ఈ వైపు పెద్ద కరువు వచ్చింది. 1839లో తుఫాను ముంచింది. పక్కనే ఏరు ఉన్నా పొలాలకు నీళ్ళు లేవు. అప్పుడు ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ఇక్కడ ఆనకట్ట కట్టించాడు. 1847లో పని మొదలైంది. 1852లో పూర్తయింది. వేలమంది కూలీలు రాళ్ళు మోశారు. కాటన్ పేరు బోర్డు మీద ఉంది. రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లు మనకు తెలియవు. వాళ్ళకీ ఒక దణ్ణం పెట్టాం.

ఆ పాత ఆనకట్ట బదులు ఇప్పుడు కొత్త బ్యారేజీ ఉంది. అది 1980లలో వాడుకలోకి వచ్చింది. దానికి 175 గేట్లు.

ఇక్కడినుంచి కాలువలు బయలుదేరతాయి. అవి పొలాలకు నీళ్ళు ఇస్తాయి. ఒకప్పుడు సరుకు పడవలు కూడా వీటి మీద నడిచేవి. కాకినాడ వైపు వెళ్ళేవి. ఏలూరు మీదుగా బెజవాడ దాకా వెళ్ళేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు.

కాలువలో ఒక చోట నీరు ఎత్తుగా, ఒక చోట పల్లంగా ఉంటుంది. అక్కడ లాకు కడతారు. లాకుకు రెండు తలుపులు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు. నీళ్ళు వదులుతారు. పడవ మెల్లగా కిందికి దిగుతుంది. అప్పుడు ముందు తలుపు తీస్తారు.

ఇక అసలు సంగతికి వద్దాం. వరద రోజుల్లో టీవీలో 'ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక' అని చెబుతారు. అదేమిటో మాలో చాలామందికి తెలియదు. ఈ లెక్క రాసుకోండి.

మొదటి హెచ్చరిక: నీటిమట్టం 11.75 అడుగులు
రెండో హెచ్చరిక: 13.75 అడుగులు
మూడో హెచ్చరిక: 17.75 అడుగులు

మొదటి హెచ్చరిక నాటికి సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అంటే రెండు పెద్ద బిందెలు. ఒక్క సెకనులో 20 లక్షల బిందెలు ఒలికినట్టు! ఆ లెక్క వినగానే ఒక పిన్ని నోటి మీద చెయ్యి వేసుకుంది.

ఆమె పుట్టిల్లు లంక ఊరు. లంక అంటే ఏటి మధ్య మెరక. ఆమె ఇలా చెప్పింది:

"1986 ఆగస్టు వరదకు నాకు ఎనిమిదేళ్ళండి. మా నాన్న వాకిట్లో కర్ర పాతాడు. గంట గంటకూ నీరు ఎంత ఎక్కిందో చూసేవాడు. కర్ర మునిగాక పాక వదిలేశాం. పిల్లల్ని పడవ ఎక్కించారు. గేదెను ఎక్కించలేకపోయాం. కట్టు విప్పి వదిలేశాం. మళ్ళీ కనబడలేదు. ఎంత నీరు వస్తోందో ముందే తెలిస్తే ఒక పూట ముందు బయలుదేరేవాళ్ళం."

2022 జూలైలో కూడా నీరు మూడో హెచ్చరిక దాటింది. లంకలు మళ్ళీ మునిగాయి. ఈసారి కబురు ఫోనుల్లో ముందే వచ్చింది. కానీ ఆ అంకెలు చదవగలిగిన వాళ్ళకే ఆ కబురు పనికొస్తుంది.

పిన్ని మూడు అంకెలూ పెద్దగా రాసుకుంది. చుక్క ఎక్కడ పెట్టాలో రెండు సార్లు అడిగింది. "మా అన్నయ్య ఇంట్లో గోడ మీద అంటిస్తానండి" అంది.

నీళ్ళు మోసిన ఇల్లాలు

మళ్ళీ ఊళ్ళోకి వచ్చాం. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూశాం. ఆయన 1848లో రాజమండ్రిలో పుట్టారు. ఇప్పుడు ఆ ఇంటిని ఆయన గుర్తుగా కాపాడుతున్నారు.

ఆ రోజుల్లో ఆడపిల్లకు చదువు లేదు. చదివితే చెడిపోతుంది అనేవారు. పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' అనే పత్రిక నడిపారు.

అప్పట్లో పసిపిల్లలకు పెళ్ళి చేసేవారు. భర్త చనిపోతే ఆ పిల్ల జన్మంతా మూలన కూర్చోవాలి. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తకూడదు. పంతులుగారు దీన్ని ఎదిరించారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు.

ఊరు ఊరంతా కోపం తెచ్చుకుంది. ఆయన ఇంటికి వంటవాళ్ళు రావడం మానేశారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు రావడం మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఏం చేశారు? బిందె తీసుకుని గోదారికి వెళ్ళారు. తానే నీళ్ళు మోశారు. తానే వండి పెట్టారు.

"ఉపన్యాసం చెప్పడం ఒక ఎత్తు. ఊరంతా చూస్తుంటే బిందె ఎత్తుకు నడవడం ఇంకో ఎత్తు" అంది పెద్దమ్మ.

మేం ఆమె పేరు పుస్తకంలో రాసుకున్నాం. రాయడం కష్టమైన పేరు. జకు య వత్తు. క్షకు మ వత్తు. మకు మ వత్తు. రా-జ్య-ల-క్ష్మ-మ్మ. నలుగురు తప్పు రాశారు. కొట్టేసి మళ్ళీ రాశారు.

బజారులో

ఎండ చల్లబడింది. కోటగుమ్మం మీదుగా మెయిన్ రోడ్డుకు వచ్చాం. ఒక్కొక్కరు ఒక్కో గ్లాసు రోజ్ మిల్క్ తాగాం. రాజమండ్రిలో అది తాగకుండా రాకూడదట!

ఒక చోట ఆత్రేయపురం పూతరేకులు అమ్ముతున్నారు. ఆత్రేయపురం దగ్గరి పల్లెల్లో వీటిని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. కుండ బోర్లించి కింద మంట పెడతారు. బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. రేకు వస్తుంది. 2023లో ఈ పూతరేకులకు ప్రభుత్వ గుర్తింపు దొరికింది. ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెందుతుందని ఆ గుర్తింపుకు అర్థం.

"పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అంటారు గోదారి వాళ్ళు. పులస చేప వరద రోజుల్లో సముద్రం నుంచి ఏటికి ఎదురు ఈదుతూ వస్తుంది. మేం వెళ్ళిన రోజుల్లో పులస లేదు. మా పుస్తెలు బతికాయి!

బజారులో ఏం చదవాలో చెప్పాను. పొట్లం మీద తూకం చదవాలి. ధర చదవాలి. తయారైన తేదీ చదవాలి. తూచే ముందు కాటా మీద 0 ఉందో లేదో చూడాలి. ఫోనుతో డబ్బు పంపేటప్పుడు తెర మీద వచ్చిన పేరు, అంకె రెండూ చదివాకే నొక్కాలి. మోసపోతే 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు.

చివరకు తాడితోట బట్టల బజారుకు వెళ్ళాం. అక్కడ వరసగా బట్టల కొట్లు. చుట్టుపక్కల జిల్లాల నుంచి వ్యాపారులు వచ్చి టోకున కొనుక్కుంటారు.

మాలో ఒక అక్క చీరల మూట వ్యాపారం చేస్తుంది. ఇక్కడ కొని పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. ఆమె నాలుగు రోజుల నుంచీ ఈ గంట కోసమే చూస్తోంది. ఎందుకో దారిలో చెప్పింది.

"పదేళ్ళ కిందట ఒక కొట్లో అరువుకు తెచ్చేదాన్ని. ఆ కొట్టు ఇప్పుడు లేదులెండి. ఖాతాలో వాళ్ళు రాసుకునేవారు. నేను వేలిముద్ర వేసేదాన్ని. వేలి సిరా జుట్టుకు తుడుచుకుని వచ్చేసేదాన్ని. ఎంత కట్టినా ఇంకా బాకీ ఉంది అనేవారు. చెవుల దిద్దులు అమ్మి తీర్చాను. వాళ్ళు మోసం చేశారని నేననను. చేశారో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళయినా తెలియదు. అదే నా బాధ టీచరమ్మా."

ఆమె ఒక కొట్లో ఆరు చీరలు తీసుకుంది. నాలుగు జాకెట్టు ముక్కలు తీసుకుంది. గుమస్తా బిల్లు రాసి ఇచ్చాడు. నేను చెయ్యి చాపబోయాను. ఆమె ఇవ్వలేదు. కూర్చుని, వేలు పెట్టి చదివింది.

చీరలు 6, ఒక్కోటి 420 రూపాయలు: 2,520
జాకెట్టు ముక్కలు 8, ఒక్కోటి 90 రూపాయలు: 720
మొత్తం: 3,240

మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆమె ముక్కలు మళ్ళీ లెక్కపెట్టింది. గుమస్తాతో నెమ్మదిగా అంది: "బాబూ, నేను తీసుకున్నవి నాలుగు. నువ్వు ఎనిమిది వేశావు."

గుమస్తా చూశాడు. "పొరపాటు పడిందమ్మా" అన్నాడు. బిల్లు మార్చి రాశాడు. 2,880 రూపాయలు. ఆమె మళ్ళీ చదివింది. డబ్బు ఇచ్చింది. బిల్లు మడిచి కొంగున కట్టుకుంది.

తగువు లేదు. అరుపు లేదు. 360 రూపాయలు మిగిలాయి. నాలుగు రోజుల కూరగాయల ఖర్చు.

బయటికి వచ్చాక ఆమె కళ్ళు తుడుచుకుంది. "అతను కావాలని చేశాడనుకోను. పొరపాటే. కానీ ఈసారి నాకు తెలిసింది" అంది.

తిరుగు ప్రయాణం

చీకటి పడేసరికి రైలు ఎక్కాం. గోదారి మీద దీపాలు మెరుస్తున్నాయి. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. కొవ్వూరు బోర్డు రాగానే పెద్దమ్మ అందరికంటే ముందు చదివింది. ఈసారి కూడబలుక్కోలేదు. ఒక్క ఊపున చదివింది.

అక్కలూ, ఊరు అదే. ఏరు అదే. బజారు అదే. ఇంతకుముందు మనం అక్కడ చూసినవి రంగులు. ఇప్పుడు చూసినవి మాటలు. మీరు కూడా మీకు దగ్గరి పట్నానికి వెళ్ళండి. నలుగురు కలిసి వెళ్ళండి. కాగితం, పెన్సిలు మరచిపోకండి.

కొత్త మాటలు

ఆనకట్ట: ఏటికి అడ్డంగా కట్టిన కట్టడం
డెల్టా: ఏరు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోటి నేల
లంక: ఏటి మధ్య ఉన్న మెరక భూమి
టోకు: ఒకేసారి ఎక్కువ సరుకు కొనడం, అమ్మడం
ఖాతా: అప్పు, జమ రాసుకునే పుస్తకం

లెక్క చేద్దాం

1. బ్యారేజీ గేట్లు నాలుగు చోట్ల ఉన్నాయి. ధవళేశ్వరంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. కూడి చూడండి. పాఠంలో చెప్పిన అంకె వచ్చిందా?
2. మొదటి హెచ్చరికకు, మూడో హెచ్చరికకు మధ్య తేడా ఎన్ని అడుగులు?
3. మొదటి వంతెన మీద రైలు 1900లో నడిచింది. 1997లో ఆగింది. ఎన్నేళ్ళు పని చేసింది?

మాట్లాడుకుందాం

1. రాజ్యలక్ష్మమ్మగారి చోట మీరుంటే ఏం చేసేవారు?
2. చదువు రాక మీరు ఎప్పుడైనా నష్టపోయారా? ఎలా?
3. మీ ఊరికి వరద కబురు ఎలా వస్తుంది? ఆ కబురు మీ వీధిలో ఎవరికి చెప్పాలి?

మీరే రాయండి

ఈ వారం మీరు కొన్న సరుకులకు ఒక బిల్లు రాయండి. సరుకు పేరు, ఎన్ని, ఒక్కోటి ఎంత, మొత్తం ఎంత. కింద మీ సంతకం పెట్టండి.